బిల్లు సమానం.. జీతాలో?

ఆరేళ్ల కిందటి మాట. బీటెక్ పూర్తయి, అందరం ఉద్యోగాల్లో చేరి మూడు నెలలైంది. మా క్లాసు వాళ్లం ఆరుగురం ఒక శనివారం రాత్రి గచ్చిబౌలిలో ఒక హోటల్లో కలిశాం. నాలుగేళ్లు ఒకే బెంచీల మీద కూర్చున్నాం, ఒకే మెస్‌లో సాంబారు తిట్టుకుంటూ తిన్నాం. కబుర్లకి కొదవేముంటుంది! రెండున్నర గంటల తర్వాత బిల్లు వచ్చింది. 8,100 రూపాయలు. ‘ఆరుగురం కదా, తలా 1,350’ అని ఒకడు ఫోన్‌లో లెక్క తేల్చేశాడు. నిమిషంలో అందరి దగ్గర్నుంచీ యూపీఐలో డబ్బులు వెళ్లిపోయాయి. నేనూ పంపాను, నవ్వుతూనే.

అమీర్‌పేటలో హాస్టల్‌కి తిరిగొచ్చాక మాత్రం నిద్ర పట్టలేదు. మా ఆరుగురిలో ఒకడికి 21 లక్షల ప్యాకేజీ. ఇద్దరికి ఏడెనిమిది లక్షలు. నాతో కలిపి ముగ్గురికి 3 లక్షల 36 వేలు. కోతలు పోను నా చేతికొచ్చేది 24 వేలు. నెలకి 22 పనిదినాలు అనుకుంటే రోజుకి 1,090 రూపాయలు. అంటే ఆ రాత్రి నేను తిన్నది ఒక రోజు జీతం కంటే ఎక్కువ. 21 లక్షలవాడి చేతికి నెలకి లక్షా 30 వేల దాకా వచ్చేది. వాడికి అదే భోజనం పావు రోజు జీతం కూడా కాదు. వాడు గొప్పలు పోలేదు, మమ్మల్ని చిన్నచూపు చూడలేదు. ఇప్పటికీ నాకు మంచి స్నేహితుడే. బిల్లు సమానంగా పంచుకున్నాం, అంతే. జీతాలు సమానంగా లేవన్న సంగతి మాత్రం ఆ టేబుల్ దగ్గర ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

కుర్రకారు ఖర్చుల మాట వస్తే మన పెద్దవాళ్ల దగ్గర ఒక సామెత సిద్ధంగా ఉంటుంది. పులిని చూసి నక్క వాత పెట్టుకుందట! పాతిక వేల జీతగాడు యాభై వేల ఫోన్ కొంటే ఈ సామెతే. ఈఎంఐలో బైక్ తీసుకుంటే ఈ సామెతే. సామెతలో తప్పంతా నక్కదే. దానికి బుద్ధి లేదు, అంతటితో కథ అయిపోయింది. యువత ఖర్చుల మీద మనం చదివే సలహాల్లో ఎక్కువ భాగం ఇదే బాణీలో ఉంటాయి. దుబారా మానండి, కాఫీ తగ్గించండి, పొదుపు నేర్చుకోండి. ఆ సలహాలు తప్పని నేను అనను. కానీ అవి సగం సంగతే చెబుతున్నాయి. మిగతా సగం జీతాల మధ్య పెరుగుతున్న దూరంలో ఉంది.

దూరం ఎంత?

ప్రపంచ అసమానతల పరిశోధనాలయం 2024 మార్చిలో మన దేశం మీద ఒక పత్రం విడుదల చేసింది. 1922 నుంచి వందేళ్ల లెక్కలు అందులో ఉన్నాయి. దాని ప్రకారం 2022-23లో దేశ ఆదాయంలో 22.6 శాతం పైనున్న ఒక్క శాతం మందికి వెళ్లింది. పై 10 శాతం మందికి వెళ్లింది 57 శాతం పైచిలుకు. కింద ఉన్న సగం జనాభా మొత్తానికీ కలిపి దక్కింది 15 శాతం.

ఇవి దేశం లెక్కలు. మన క్లాస్‌రూమ్ లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. ఐటీ సేవల కంపెనీలు ఫ్రెషర్లకి ఇచ్చే ప్యాకేజీ మూడు, మూడున్నర లక్షల దగ్గర పదిహేనేళ్లుగా దాదాపు అక్కడే ఉంది. ఆ పదిహేనేళ్లలో హాస్టల్ అద్దె, బస్ చార్జీ, ప్లేటు ఇడ్లీ ధర ఎక్కడ ఉండేవో, ఎక్కడికి వెళ్లాయో మీకే తెలుసు. అదే సమయంలో అదే కాలేజీ నుంచి ప్రొడక్ట్ కంపెనీలకి వెళ్లే కొద్దిమంది జీతాలు పదుల లక్షలు దాటాయి. ఇంజినీరింగ్ కాకుండా మామూలు డిగ్రీతో, డిప్లొమాతో షోరూముల్లో, ఫార్మా యూనిట్లలో, డెలివరీ పనుల్లో ఉన్నవాళ్ల సంగతి సరేసరి. కేంద్ర కార్మిక సర్వేల ప్రకారం నెల జీతం ఉద్యోగుల సగటు సంపాదనే దేశంలో 20 వేల పైచిలుకు. కాబట్టి నా 24 వేలు పెద్ద పేదరికమేమీ కాదు. సగటు కంటే కాస్త ఎక్కువే. అయినా ఆ టేబుల్ దగ్గర నేను పేదరాలినే.

ఇక్కడ ఒక ప్రశ్న రావచ్చు. ప్రభుత్వ గృహ వినియోగ సర్వేలో ఖర్చుల తేడా తగ్గిందని వచ్చింది కదా? నిజమే. 2022-23తో పోలిస్తే 2023-24లో పల్లెల్లోనూ పట్టణాల్లోనూ ఖర్చుల్లో అసమానత కొంత తగ్గినట్టు ఆ సర్వే చెప్పింది. సగటున ఒక మనిషి నెల ఖర్చు పల్లెల్లో 4,122 రూపాయలు, పట్టణాల్లో 6,996. మన రెండు రాష్ట్రాలూ సగటు కంటే పైనే ఉన్నాయి. తెలంగాణ పట్టణాల్లో 8,978, ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 7,182. అయితే అదే సర్వేలో పట్టణాల్లో బాగా ఖర్చు పెట్టే పై 5 శాతం మంది నెలకి 20,310 ఖర్చు పెడుతుంటే, పల్లెల్లో అట్టడుగు 5 శాతం మంది ఖర్చు 1,677 రూపాయలు. పన్నెండు రెట్ల తేడా.

ఇంకో మెలిక ఉంది. ఖర్చు వేరు, ఆదాయం వేరు. బాగా డబ్బున్నవాళ్లు సంపాదించిందంతా ఖర్చు పెట్టరు, పెట్టలేరు కూడా. మిగిలింది భూమి అవుతుంది, షేర్లు అవుతుంది. తక్కువ సంపాదించేవాళ్లు ఉన్నదంతా ఖర్చు పెట్టి, చాలకపోతే అప్పు తెస్తారు. అందుకే ఖర్చుల మధ్య దూరం ఎప్పుడూ ఆదాయాల మధ్య దూరం కంటే తక్కువగా కనిపిస్తుంది. నిజంగా సంపాదన పెరిగినా ఆ దూరం తగ్గుతుంది, కింద ఉన్నవాళ్లు కిస్తీల మీద కొన్నా తగ్గుతుంది. ఆ రాత్రి మా టేబుల్ దగ్గర ఎవరైనా వచ్చి సర్వే చేసి ఉంటే ఆరుగురి ఖర్చూ 1,350 అని రాసుకునేవారు. అసమానత సున్నా!

పక్కవాడిని చూసి..

పక్కవాడిని చూసి ఖర్చు పెట్టడం మన తరం కనిపెట్టిన జబ్బేమీ కాదు. థోర్‌స్టీన్ వెబ్లెన్ అనే ఆర్థికవేత్త 1899లోనే అమెరికా సంపన్నుల గురించి పుస్తకం రాస్తూ, నలుగురికీ కనిపించడం కోసమే చేసే ఖర్చు గురించి వివరంగా చెప్పాడు. 1949లో జేమ్స్ డ్యూసెన్‌బెరీ ఇంకో అడుగు ముందుకేశాడు. మనిషి ఎంత ఖర్చు పెడతాడన్నది అతని జీతాన్ని బట్టి మాత్రమే తేలదు, చుట్టూ ఉన్నవాళ్లతో పోలిస్తే అతను ఎక్కడున్నాడన్నదాన్ని బట్టి కూడా తేలుతుందన్నాడు. ఒకసారి పెరిగిన ఖర్చు జీతం తగ్గినా వెంటనే తగ్గదని కూడా ఆయనే చెప్పాడు. లేఆఫ్ అయిన స్నేహితులున్నవాళ్లకి ఈ మాట వివరించక్కర్లేదు.

2016లో మరియన్ బెర్ట్రాండ్, అడేర్ మోర్స్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికా రాష్ట్రాల లెక్కలు తీసి చూశారు. ఎక్కడైతే పైవాళ్ల ఆదాయం బాగా పెరిగిందో అక్కడ మధ్యతరగతి కుటుంబాలు తమ ఆదాయంలో ఎక్కువ భాగం ఖర్చు పెట్టేస్తున్నాయని తేలింది. అంటే వాళ్ల బుద్ధి ఒక్కసారిగా చెడిపోలేదు. పైన ఉన్నవాళ్లు పెరిగేకొద్దీ ‘మామూలు’ అన్నమాటకి అర్థం మారిపోయింది.

మన దగ్గర జరుగుతున్నదీ ఇదే. ఇరవయ్యేళ్ల కిందట ఎవరి సంపాదన వాళ్ల వీధిలో ఉండేది. మా వీధిలో అందరివీ ఇంచుమించు ఒకలాంటి ఇళ్లు, ఒకలాంటి పండగలు. పోల్చుకోవడానికి పక్కింటివాళ్లు తప్ప ఎవరూ లేరు. ఇప్పుడు ప్యాకేజీ 3.36 ఉన్న అమ్మాయి, 21 ఉన్న అబ్బాయి ఒకే వాట్సాప్ గ్రూపులో ఉంటారు. ఒకడి గోవా ట్రిప్ ఇంకొకడి మంచం మీదకే వచ్చేస్తుంది. ఐటీ కారిడార్లో అద్దె, జిమ్, కాఫీ ధర అన్నీ ఎక్కువ జీతం వాళ్లని చూసి పెట్టినవే. తక్కువ జీతం వాళ్లకి వేరే కారిడార్ లేదు. ‘స్తోమతకు తగ్గట్టు ఉండు’ అనడం తేలికే. ఉండాల్సిన చోటే స్తోమతకు మించి ఉన్నప్పుడు ఆ సలహా పాటించడం అంత తేలిక కాదు.

నా ఫోన్ కథ

మొదటి జీతాలొచ్చిన కొత్తలో ఒకసారి నెక్లెస్ రోడ్డుకి వెళ్లాం. గ్రూపు ఫొటో తీద్దామని నేను ఫోన్ తీస్తే ‘నీ ఫోన్‌లో వద్దులేవే, క్లారిటీ ఉండదు’ అంది ఒక ఫ్రెండ్. అందులో ఎగతాళి లేదు. నిజంగానే నా ఫోన్‌లో క్లారిటీ ఉండదు. కానీ ఆ మాట నాలుగు రోజులు గుచ్చుకుంటూనే ఉంది. ఆ నెలాఖరుకి 52 వేల ఫోన్ కొన్నాను. పన్నెండు నెలల ‘నో కాస్ట్’ ఈఎంఐ, నెలకి 4,333. మా 21 లక్షలవాడూ అదే ఫోన్ కొన్నాడు. వాడు దానికోసం 9 రోజులు పనిచేస్తే చాలు. నేను 48 రోజులు పనిచెయ్యాలి. చేతిలో ఉన్నప్పుడు రెండు ఫోన్లూ ఒకేలా మెరుస్తాయి.

సరిగ్గా అదే నెలలో ఆఫీసు నుంచి ఒక మెయిల్ వచ్చింది. కంపెనీ ఆరోగ్య బీమాలో అమ్మానాన్నల్ని కూడా చేర్చుకోవచ్చు, నెలకి సుమారు 900 జీతంలో కోత పడుతుంది, కావాలా వద్దా అని. హాస్టల్‌కి 7,500, ఇంటికి 6,000, మెట్రోకీ షేర్ ఆటోలకీ 2,000, ఫోన్ కిస్తీ పోతే మిగిలేది నాలుగు వేల చిల్లర. అందులోంచి మళ్లీ 900 ఎక్కడ తెస్తాం? ‘వద్దు’ అని టిక్ పెట్టాను.

ఐదు నెలల తర్వాత ఒక అర్ధరాత్రి మా అమ్మకి కడుపు నొప్పి. నాన్న దగ్గర్లో ఉన్న ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. పిత్తాశయంలో రాళ్లు, వెంటనే ఆపరేషన్ అన్నారు. అక్కడ ఆరోగ్యశ్రీ లేదు. వేరేచోటికి తీసుకెళ్లే వ్యవధీ లేదు. 62 వేలైంది. నాన్న 32 వేలు సర్దారు. మిగతా 30 వేలు నేను క్రెడిట్ కార్డు గీకాను.

ఆ తర్వాత నాలుగు నెలలు ‘కనీస చెల్లింపు’ మాత్రమే కట్టాను. అదేదో సౌకర్యం అనుకున్నాను. లెక్క ఇదీ: నెలకి మూడున్నర శాతం వడ్డీ అంటే 30 వేలకి 1,050. వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ఇంకో 189. నేను కట్టింది 5 శాతం, అంటే 1,500. అసలులోకి వెళ్లింది 261 రూపాయలు! సంగతి అర్థమయ్యాక ఇంటికి పంపేది తగ్గించి నెలకి 3,500 చొప్పున కట్టాను. మొత్తం తీరేసరికి పద్నాలుగు నెలలు, 42 వేలు. ఆపరేషన్ అయి ఇంట్లో ఉన్న అమ్మకి నెలనెలా పంపే డబ్బు తగ్గించాల్సి రావడం ఆ 12 వేల వడ్డీ కంటే ఎక్కువ బాధపెట్టింది.

ఈ కథలో నా తప్పు లేదని నేను అనడం లేదు. టిక్ పెట్టింది నేనే. కానీ ఎందుకు పెట్టానో చెప్పాలి. ఫోన్ నలుగురికీ కనిపిస్తుంది. బీమా ఎవరికీ కనిపించదు. పీఎఫ్ కనిపించదు. అత్యవసరానికి దాచిన 20 వేలు ఎవరి స్టేటస్‌లోనూ కనిపించవు. తేడాలు పెరిగిన చోట, తక్కువ సంపాదించేవాళ్లు ముందుగా కోసుకునేది ఈ కనిపించని ఖర్చుల్నే. 21 లక్షలవాడు రెండూ చేశాడు, ఫోనూ కొన్నాడు, అమ్మానాన్నలకి బీమా కూడా కట్టాడు. నేను రెంటిలో ఒకటి ఎంచుకోవాల్సి వచ్చింది. బయటికి మాత్రం మేమిద్దరం ఒకటే.

‘అరువు రేపు’ బోర్డు ఎక్కడ?

సత్తెనపల్లి దగ్గర మా ఊళ్లో నాన్నది కిరాణా కొట్టు. గల్లాపెట్టె పైన ‘అరువు రేపు’ అని బోర్డు ఉంటుంది. బోర్డు ఉన్నా నాన్న అరువిస్తారు. ఖాతా పుస్తకంలో ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ. పద్దు పెరిగిపోతే మాత్రం ‘పాతది సగమన్నా జమ చెయ్యి, తర్వాత చూద్దాం’ అంటారు. ఒకసారి అడిగాను, మొహమాటం లేకుండా ఎలా అంటావు నాన్నా అని. ‘అరువిచ్చేవాడికి అవతలివాళ్లింట్లో ఎంతమంది తింటున్నారో, ఎంతమంది తెస్తున్నారో తెలియాలమ్మా. తెలిసీ ఇచ్చామంటే అది అరువు కాదు, ఉరి’ అన్నారు.

నా ఫోన్‌లో ఉన్న అప్పు యాప్‌కి నా జీతం తెలుసు, ఖర్చు తెలుసు, ఏ నెలలో ఎంత మిగిలిందో కూడా తెలుసు. అన్నీ తెలిసీ ‘మీకు 80 వేలు సిద్ధంగా ఉన్నాయి’ అని పండగ ముందు మెసేజ్ పెడుతుంది. ‘అరువు రేపు’ అన్న బోర్డు పోయి, ‘ఇప్పుడు కొనండి, తర్వాత కట్టండి’ అన్న బోర్డు వచ్చింది.

దీని ఫలితం దేశం లెక్కల్లోనూ కనిపించింది. ఆర్‌బీఐ 2023లో ప్రకటించిన అంకెల ప్రకారం కుటుంబాల నికర ఆర్థిక పొదుపు 2022-23లో జీడీపీలో సుమారు 5 శాతానికి పడిపోయింది. కొన్ని దశాబ్దాల్లో ఇదే తక్కువ. అదే ఏడాది కుటుంబాలు కొత్తగా తీసుకున్న అప్పులు 3.8 శాతం నుంచి 5.8 శాతానికి పెరిగాయి. ఇళ్ల అప్పులు కూడా ఇందులో ఉన్నాయి కాబట్టి అంతా ఫోన్ల మీదే పోయిందనుకోకూడదు. అయితే హామీ లేని వినియోగ రుణాలు మరీ వేగంగా పెరుగుతున్నాయని ఆర్‌బీఐయే గుర్తించి, 2023 నవంబర్లో బ్యాంకులకి వాటి రిస్క్ వెయిటు 100 నుంచి 125 శాతానికి పెంచింది.

మన రెండు రాష్ట్రాలకి ఇంకో సంగతి ఉంది. 2019 నాటి జాతీయ సర్వేలో అప్పుల్లో ఉన్న రైతు కుటుంబాలు దేశంలో సగమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం. అంటే మనలో చాలామంది మొదటి జీతం అందుకునేనాటికే ఇంట్లో ఒక అప్పు మనకోసం ఎదురుచూస్తూ ఉంటుంది. అలాంటి ఇంటి నుంచి వచ్చిన పిల్లాడికి, అప్పులేని ఇంటి నుంచి వచ్చిన పిల్లాడికి జీతం ఒకటే అయినా చేతిలో మిగిలేది ఒకటి కాదు. ఈ తేడా ఏ ఆఫర్ లెటర్లోనూ ఉండదు.

కెరియర్ పేజీలో ఈ గొడవెందుకు?

ఎందుకంటే ఇది కెరియర్ గొడవే. కిస్తీలున్నవాడు ఉద్యోగం మానలేడు. బెంచి మీద కూర్చోబెట్టినా, నైట్ షిఫ్టులకి మార్చినా, మేనేజర్ నోటికొచ్చినట్టు మాట్లాడినా మానలేడు. నాతోపాటు చేరిన ఒకమ్మాయి ఏడాది పనిచేసి, డబ్బు దాచుకుని, గ్రూప్-2కి చదువుకుందామనుకుంది. బైక్ ఈఎంఐ, పర్సనల్ లోన్ ఈఎంఐ తీరేసరికి మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లలో ఒక నోటిఫికేషన్ వచ్చి వెళ్లిపోయింది. అప్పు మీద కొన్న వస్తువుకి మనం కట్టే అసలైన ధర ఇదే. మారే స్వేచ్ఛ పోతుంది. తక్కువ జీతంలో ఉన్నవాళ్లకి అన్నిటికంటే ఎక్కువ అవసరమైంది ఆ స్వేచ్ఛే.

బ్యాంకు పరీక్షలకి చదివేవాళ్లకి ఇంకో హెచ్చరిక. ఇప్పుడు బ్యాంకు ఉద్యోగ నోటిఫికేషన్లలో అభ్యర్థి రుణ చరిత్ర బాగుండాలన్న నిబంధన ఉంటోంది. ఎస్‌బీఐలో సర్కిల్ బేస్డ్ ఆఫీసర్‌గా ఎంపికైన ఒక అభ్యర్థి నియామకాన్ని పాత అప్పుల ఎగవేత చరిత్ర కారణంగా బ్యాంకు రద్దు చేస్తే, 2025లో మద్రాసు హైకోర్టు ఆ నిర్ణయాన్ని సమర్థించింది. కాలేజీ రోజుల్లో సరదాగా తీసుకుని మర్చిపోయిన ఐదు వేల యాప్ అప్పు ఇంటర్వ్యూ గది దాకా మన వెంట రావచ్చు.

‘అయితే ఏమీ కొనకూడదా?’ అని మీరు అడగవచ్చు. కొనాలి. ఇంటర్వ్యూకి మంచి చొక్కా, బూట్లు అప్పు చేసి కొన్నా నేను తప్పు పట్టను. కోడింగ్ నేర్చుకునేవాడికి లాప్‌టాప్ విలాసం కాదు. స్నేహితులతో భోజనం కూడా దుబారా కాదు. నలుగురిలో ఉండటం మనిషికి అవసరం, ఉద్యోగానికి కూడా అవసరమే. పేదింటి పిల్లలు సరదాలు మానుకుని పొదుపు చేయాలి, ఉన్నవాళ్ల పిల్లలు సరదాగా ఉండాలి అనే నీతి నాకు రుచించదు. నేను అడిగేది ఒక్కటే. ఈ వస్తువు నాకు కావాలా, లేక నా జీతం ఎవరికీ తెలియకూడదని కొంటున్నానా? రెండోదైతే ఒక రోజు ఆగండి.

ఆగినప్పుడు చేయాల్సిన లెక్కలు కొన్ని. వస్తువు ధరని రూపాయల్లో కాక మీ పనిరోజుల్లో చూసుకోండి. ‘నో కాస్ట్ ఈఎంఐ’ అంటే నమ్మేయకండి. సున్నా వడ్డీ అనేదే లేదని ఆర్‌బీఐ 2013లోనే చెప్పింది. వడ్డీ ఎక్కడో ధరలోనో, వదులుకున్న డిస్కౌంటులోనో, ప్రాసెసింగ్ ఫీజులోనో ఉంటుంది. నగదుకైతే ఎంత అని ఒక్కసారి అడిగితే బయటపడుతుంది. యాప్‌లో అప్పు తీసుకోక తప్పకపోతే ముందు కీలక వివరాల పత్రం తెరిచి ఏడాదికి మొత్తం ఖర్చు ఎంత శాతమో చూడండి. ఆర్‌బీఐ డిజిటల్ రుణాల నిబంధనల ప్రకారం అది చూపించడం వాళ్ల బాధ్యత. తీసుకున్నాక మనసు మారితే జరిమానా లేకుండా వెనక్కి కట్టేసేందుకు కొంత గడువు ఇవ్వడం కూడా. అన్నిటికంటే ముందు, ఫోన్ మార్చేలోపు అమ్మానాన్నల బీమా సంగతి చూడండి. ఈ ఒక్క సలహా నేను 12 వేలు పోసి కొన్నది.

మనవల్ల మాత్రమే అయ్యేది కాదు

ఇవన్నీ చేసినా జీతాల మధ్య దూరం తగ్గదు. అది మన పొదుపుతో తగ్గేది కాదు. కాలేజీలు ప్రతి ఏడాదీ అత్యధిక ప్యాకేజీ వచ్చిన ఒక్కరి ఫొటోతో హోర్డింగులు పెడతాయి. మధ్యస్థ ప్యాకేజీ ఎంతో కూడా ఆ హోర్డింగు మీద వేయమని అడగాలి. క్లాసులో సరిగ్గా మధ్యలో ఉన్న పిల్లాడికి ఎంతొచ్చిందో తెలిస్తే, ఫీజుకి అప్పు చేసే తల్లిదండ్రులకీ ఒక అంచనా ఉంటుంది, చేరే పిల్లలకీ ఉంటుంది. ఆఫర్ లెటర్లో సీటీసీ పక్కనే చేతికొచ్చే మొత్తం రాయమని కంపెనీల్ని అడగాలి. పదిహేనేళ్లుగా కదలని ఫ్రెషర్ జీతం గురించి, ఉద్యోగం దొరికిందే చాలనుకుని నోరు మూసుకోకుండా మాట్లాడాలి. యువత దుబారా గురించి రాసే పెద్దలు ఆ కదలని జీతం గురించి కూడా రాస్తే బాగుంటుంది.

మనం మొదలుపెట్టగలిగింది మాత్రం ఒకటుంది. జీతం సంగతి మాట్లాడుకోవడం. మన దగ్గర అది అడగకూడని ప్రశ్న. కానీ దాచినకొద్దీ అందరం పైవాడి స్థాయిలో ఖర్చు పెడుతూ నటించాల్సి వస్తుంది.

మూడేళ్ల కిందట మళ్లీ అదే ఆరుగురం కలుద్దామనుకున్నాం. మా 21 లక్షలవాడు మాదాపూర్‌లో కొత్తగా పెట్టిన ఏదో హోటల్ పేరు గ్రూపులో పెట్టాడు. నేను ‘నా బడ్జెట్ 400, అంతకు మించితే నేను రాను’ అని రాశాను. పంపాక చాలాసేపు ఫోన్ వైపు చూడలేదు. చూసేసరికి ఇంకో ఇద్దరు ‘నాది కూడా’ అని రాసి ఉన్నారు. కాసేపటికి వాడు పెట్టాడు: ‘ముందే చెప్పొచ్చుగా ఇన్నాళ్లూ. నాకేం తెలుసు?’

ఆ శనివారం అమీర్‌పేటలో ఒక మెస్‌లో భోజనం చేశాం. పప్పు, గోంగూర, రెండోసారి పెరుగు. తలా 180 అయింది. బిల్లు సమానంగానే పంచుకున్నాం.